జిమ్నీకి రూఫ్ ర్యాక్: క్లాంపులా, కన్నాలా?

ప్రశ్న: వైజాగ్ నుంచి అరకు, లంబసింగి వైపు తిరగడానికి మారుతి జిమ్నీ కారు మీద ర్యాక్ వేయించాలి. నీళ్ల క్యాన్లు, టెంటు పెట్టాలి. మెకానిక్ పైకప్పుకి కన్నాలు కొట్టి బిగిస్తానంటున్నాడు. సరేననమంటారా?

జవాబు 1: వద్దు గురూ! జిమ్నీకి రెండు పక్కలా వాన నీళ్ల గాడి ఉంది కదా, గట్టర్ క్లాంపులు దాన్నే పట్టుకుంటాయి. పక్కకి మూడేసి చాలు. ముందు గాడిలో ఇసుక తుడిచి, క్లాంపు కింద సన్నటి రబ్బరు ముక్క పెట్టండి. లేకపోతే పెయింటు గీరుకుపోయి అక్కడే తుప్పు మొదలవుతుంది. బోల్టులన్నీ చేత్తో తిప్పి వదిలేసి, ర్యాక్ నడిమధ్యన కూర్చుందో లేదో టేపుతో కొలవండి. ఆ తర్వాతే ఎదురెదురు మూలలు మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక్క మూలే పూర్తిగా బిగిస్తే ర్యాక్ మెలిపడి ఘాట్‌లో కిర్రుమంటుంది. 100 కి.మీ. తిరిగాక మళ్లీ పానా పట్టండి.

జవాబు 2: వైజాగ్‌లో అసలు శత్రువు ఉప్పుగాలి. అల్యూమినియం ర్యాక్‌కి స్టెయిన్‌లెస్ బోల్టు నేరుగా తగిలితే అల్యూమినియమే తెల్లటి పొడై రాలుతుంది. మధ్యలో నైలాన్ వాషర్ వెయ్యండి. బీచ్ రోడ్డు పక్కన పార్కింగైతే వారానికోసారి మంచినీళ్లు కొట్టాల్సిందే.

ప్రశ్న అడిగినవారు: మరి క్యాన్లు?

జవాబు 3: 20 లీటర్ల నీళ్లంటే 20 కిలోలు, క్యాను బరువు వేరు. మాన్యువల్లో పైకప్పుకి ఇచ్చిన పరిమితిలోంచి ర్యాక్ బరువు తీసేస్తే మిగిలేది కొంచెమే. నీళ్లు డిక్కీలో, కింద. పైన టెంటూ పరుపులే.