దక్షిణాఫ్రికాలోని క్రూగర్ పార్కులో జంతువుల జాడ చెప్పే యాప్‌లు ఉండాలా, వద్దా?

పాతబాటసారి: స్కుకుజా విడిది శిబిరం నుంచి లోయర్ సాబీ శిబిరం దాకా నది వెంట సాగే తారు రోడ్డు మీద పోయిన నెల చిరుతపులిని చూశాం. చూశామంటే, తోకను. మిగతాదంతా కార్ల వరసే. పావుగంటలో ముప్పయి బండ్లు చేరాయి, ఎవరిని అడిగినా ఫోనులో చూసి వచ్చామన్నారు. తారు రోడ్డు మీద గంటకు 50, మట్టిదారిలో 40 కిలోమీటర్లు దాటకూడదన్న నియమం ఉంది. ఒకాయన మమ్మల్ని దాటుకుని పోయిన వేగానికి దారిలో తాబేలు ఉంటే నుజ్జయ్యేది. ఈ యాప్‌లను ఆపే ఆలోచనలో ఉన్నట్టు పార్కుల సంస్థ 2016లోనే చెప్పింది. ఆపాల్సిందే.

ఇద్దరు పిల్లల అమ్మ: మీరు ఏటా వెళ్లేవారిలా ఉన్నారు. మాకు దొరికింది రెండు రోజుల సెలవు. పార్కేమో దాదాపు 19,500 చదరపు కిలోమీటర్లు! సింహం తనంతట తాను ఎదురొస్తుందా? విడిది శిబిరాల్లో ఏ జంతువు ఎక్కడ కనిపించిందో రంగు పిన్నులు గుచ్చే బోర్డులు ఎప్పటినుంచో ఉన్నాయి కదా, వాటి మీద మీకు కోపం లేదెందుకు? గైడ్లు కూడా ఒకరికొకరు కబురు పెట్టుకుంటారు. వాళ్ల బండికి డబ్బు కట్టినవారికి ఒప్పయింది, సొంత కారులో వచ్చిన మాకు తప్పయిందా?

పాతబాటసారి: గైడ్ల మాటకు నా దగ్గర జవాబు లేదండీ. బోర్డు సంగతి వేరు. సింహం పొద్దున ఎక్కడుందో అది చెబుతుంది. మనం వెళ్లేసరికి ఉంటుందో లేదో, కాబట్టి దారి పొడవునా కళ్లు తెరుచుకుని నెమ్మదిగా వెళ్తాం. ఫోను "ఇప్పుడు ఇక్కడ" అంటుంది. బండి వేగం పెరిగేది ఆ "ఇప్పుడు" వల్లే.

సటారా అభిమాని: ఖడ్గమృగాన్ని ఇద్దరూ మరిచారు. కొమ్ము కోసం చంపేవాళ్లున్నారు కనుక బోర్డు మీద కూడా దాని పిన్ను ఉండదు. మనం సరదాగా పంచుకునే ఫోటోలోనే చోటు వివరం దాగి ఉండవచ్చు. అలాగని యాప్‌లను నిషేధిస్తే జనం వాట్సాప్ గుంపుల్లోకి పోతారు, అక్కడ అడిగేవాడు ఉండడు. ఖడ్గమృగం పూర్తిగా వద్దు, మిగతావి రెండు గంటలు ఆలస్యంగా చూపిస్తే సరి.

ఇద్దరు పిల్లల అమ్మ: రెండు గంటలకు చిరుత చెట్టు దిగి వెళ్లిపోతుంది. పిల్లలకు ఖాళీ కొమ్మ చూపించాలా? అరగంటయితే ఒప్పుకుంటాను.

పాతబాటసారి: గంట.