రాత్రంతా మేల్కొన్న మత్తు డాక్టరు పొద్దున మళ్లీ కేసు చేయవచ్చా?

వశిష్ఠ గట్టు:
మా చెల్లెలికి పొద్దున్నే సిజేరియన్ జరిగింది. మత్తు ఇచ్చిన డాక్టరు గారు రాత్రంతా అమలాపురం, రాజోలు ఆసుపత్రుల్లో కేసులు చేసి, ఇంటికి కూడా వెళ్లకుండా వచ్చారని తర్వాత తెలిసింది. తల్లీ బిడ్డా క్షేమమే, ఆయన మీద ఫిర్యాదేమీ లేదు. అయినా అడుగుతున్నాను. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లోనే డాసన్, రీడ్ అనే పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో చూపించారు. మన దేశంలో బండి నడిపేవాడికి హద్దు 0.03 శాతం. స్టీరింగుకు ఉన్న హద్దు సిరంజికి ఎందుకు లేదు? గంటల పరిమితిని చట్టంగా తేవాలని నా వాదన.

మత్తు డాక్టరు, కోనసీమ:
చట్టం తేవచ్చు, మనుషులను ఎక్కడి నుంచి తెస్తారు? నరసాపురం రేవులో నిలబడితే గోదావరి అవతల సఖినేటిపల్లి కంటికి కనిపిస్తుంది. రాత్రిపూట రేవు దాటించే పంటు ఉండదు, చించినాడ వంతెన మీదుగా చుట్టి రావాలి. మాయ ముందే విడిపోయి రక్తం పోతున్న గర్భిణి బల్ల మీద ఉంటే ‘నా గంటలు అయిపోయాయి’ అని ఫోను పెట్టేయమంటారా? అలసిన డాక్టరు ప్రమాదమే, ఒప్పుకుంటాను. అసలు డాక్టరే లేకపోవడం అంతకన్నా ప్రమాదం. పైగా 2016లో వెలువడిన అమెరికా పరిశోధనలో, సర్జరీలో పీజీ చేస్తున్న డాక్టర్ల షిఫ్టు నిబంధనలు సడలించి చూస్తే రోగులకు అదనంగా హాని జరిగినట్టు తేలలేదు.

కాకినాడ పీజీ:
సర్, ఆ పరిశోధనలో రెండు జట్లకూ వారానికి 80 గంటల హద్దు అలాగే ఉంది. సడలించింది ఒక్కో షిఫ్టు నిడివిని, షిఫ్టుల మధ్య విరామాన్ని. ఊరూరా తిరిగే మీకు ఏ హద్దూ లేదు కదా, దాన్ని ఇక్కడికి ఎలా తెస్తారు? కాగితం మీద హద్దుల సంగతికొస్తే మాకు 1992 నుంచే ఉన్నాయి: కేంద్రం రెసిడెన్సీ ఉత్తర్వులో వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 దాటకూడదు. అది చదివి నవ్వుకోవడానికి కూడా తీరిక దొరకదు.

ఓటీ సిస్టర్:
అలసట అంటే కునుకు తీయడం అనుకుంటున్నారు మీరంతా. నేను చూసేది వేరు. ఆక్సిజన్ తగ్గే కొద్దీ పల్స్ ఆక్సీమీటరు బీప్ స్వరం దిగుతుంది. చురుగ్గా ఉన్న డాక్టరు గారు మరోవైపు మాట్లాడుతున్నా ఆ దిగుడుకు టక్కున తల తిప్పుతారు. నిద్ర లేని రోజున అదే గదిలో, అదే స్టూలు మీద కూర్చుని, కళ్లు తెరిచే ఉండి కూడా ఒక్క క్షణం ఆలస్యంగా తిప్పుతారు. వెన్నులో మత్తు ఇచ్చాక బీపీ జారిపోయేది ఆ కాసేపట్లోనే.

ఇంకొకటి ఆంప్యూళ్లు, అంటే మందుండే చిన్న గాజు బుడ్లు. వెన్నులోకి ఎక్కించే మత్తుమందు బ్యుపివకైన్, రక్తస్రావం ఆపే ట్రానెక్సామిక్ ఆసిడ్ కొన్ని కంపెనీలవి పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి. రెండోది పొరపాటున వెన్నులోకి వెళితే ప్రాణాంతకం. దీని మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో హెచ్చరిక కూడా ఇచ్చింది. అందుకే మా దగ్గర ఆ రెండూ ఒకే ట్రేలో పెట్టనివ్వను. మందు లోడ్ చేసే ముందు పేరు పైకి చదవమంటాను, ఎంత పెద్ద డాక్టరైనా సరే. విసుక్కుంటారు, చదువుతారు.

ఇక అసలు మాట. అర్ధరాత్రి మేం పిలిపించే కేసులన్నీ రక్తం పోతున్నవేనా, డాక్టర్ గారూ? తెల్లవారుజామున 3.40కి ముహూర్తం అని పంతులు గారు రాసిన చీటీ పట్టుకొచ్చేవారి సంగతి ఎవరూ ఎత్తరేం?

వశిష్ఠ గట్టు:
సిస్టర్ గారూ, మాదీ ముహూర్తమే. పొద్దున్నే కాబట్టి ఫర్వాలేదనుకున్నాం. అంతకుముందు రాత్రి ఆయన ఎవరి ముహూర్తాలకు మేల్కొన్నారో మాకేం తెలుసు?

ఎదుర్లంక రైతు:
ఆక్వా చెరువు కాపలాకే రాత్రికి ఒకడు, పగటికి ఒకడు ఉంటాడండీ.

మత్తు డాక్టరు, కోనసీమ:
సిస్టర్ అన్నది నిజం, కాదనను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019–21లో మన రాష్ట్రంలో ప్రసవాల్లో 42.4 శాతం సిజేరియన్లే. అందులో ముందుగా రోజు నిర్ణయించుకుని చేసేవి పగటికి మారిస్తే మా రాత్రులు చాలా తేలికపడతాయి. కానీ మాకు డబ్బులు కేసు లెక్కన వస్తాయి. నేను రానంటే ఆసుపత్రి పక్క ఊరి డాక్టరుకు ఫోను చేస్తుంది, రేపటి పగటి కేసు కూడా ఆయనకే పోతుంది. కాబట్టి హద్దు నా మీద కాదు, పిలిచే ఆసుపత్రి మీద పెట్టండి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా అత్యవసరం కాని ఆపరేషన్ పెట్టకూడదు. పెడితే కేసు షీటులో కారణం రాసి సర్జన్ సంతకం చేయాలి. పిలిచేటప్పుడు ‘ఆఖరిసారి ఎప్పుడు పడుకున్నారు’ అని అడిగి, అదీ రాయాలి.

కాకినాడ పీజీ:
కారణం గడిలో ‘పిండానికి ఇబ్బంది’ అని రాసేస్తారు సర్. ఎవరు పరిశీలిస్తారు?

ఓటీ సిస్టర్:
పిండం గుండె చప్పుడు గ్రాఫు కాగితం షీటుకు పిన్ చేయమనండి. లేనిపోని ఇబ్బంది గ్రాఫులో కనిపించదు.