టారో ముక్క తీసి రాయడానికి కూర్చునేవారు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?

సిరాబుడ్డి:
నేను ఒక నవల రాస్తున్నాను. సరిగ్గా చెప్పాలంటే, ఏడవ అధ్యాయం దగ్గర ఎనిమిది నెలలుగా ఆగిపోయిన నవలను ముందు పెట్టుకుని కూర్చుంటున్నాను. ఆరు వారాల క్రితం ఒక స్నేహితురాలు తాను వాడని టారో కట్టను, అంటే జోస్యం చెప్పేవాళ్లు వాడే బొమ్మల పేకముక్కల కట్టను, నాకు ఇచ్చింది. అప్పటినుంచి తెల్లవారుజామున ఐదింటికి లేచి, దీపం పెట్టి, కట్టను ఏడుసార్లు కలిపి, ఒక ముక్క తీసి, దాన్ని బల్ల మీద నిలబెట్టి, నలభై నిమిషాలు రాయడం అలవాటు చేసుకున్నాను. నాకు జోస్యాలమీద నమ్మకం లేదు. అయినా ఈ ఆరు వారాల్లో ముప్పై ఒక్క రోజులు రాశాను. అంతకుముందు ఆరు నెలలు కలిపినా అన్ని రోజులు రాయలేదు. ఈ పద్ధతిని ఏళ్ల తరబడి నిలుపుకున్నవారు ఉంటే, మేలు చేసింది ముక్కా లేక ఐదింటికి లేవడమా అన్నది వారి అనుభవం నుంచి తెలుసుకోవాలని ఉంది.

గోదారి గట్టు:
సిరాబుడ్డి గారూ, నాకు ఇది నాలుగో సంవత్సరం. మీ దగ్గర ఉన్నది ఎక్కువమంది వాడే రైడర్-వెయిట్ కట్టే అయితే, అందులోని 78 ముక్కలలో 22 పెద్ద ముక్కలను కొంతకాలం పక్కన పెట్టి, మిగిలిన 56తో మొదలుపెట్టండి. మరణం, బురుజు, సూర్యుడు వంటి పెద్ద ముక్కలు వచ్చినప్పుడు మనసు వెంటనే వేదాంతంలోకి జారిపోతుంది. కథకు కావలసింది ఒక మనిషి, ఆ మనిషి ఉన్న చోటు, అక్కడ చేస్తున్న పని.

1909లో లండన్‌లో ఈ కట్ట వెలువడేదాకా చిన్న ముక్కలమీద సాధారణంగా మన పేకలో ఉన్నట్టే ఐదు కత్తులో, ఎనిమిది నాణేలో లెక్కకు సరిపడా ఉండేవి. వాటిలోకి మనుషులను, మంచును, నదులను, గోడలను తెచ్చినది పమేలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి. కట్టకు ప్రచురణకర్త రైడర్ పేరూ, బొమ్మలు వేయించిన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ పేరూ మిగిలాయి గానీ ఆమె పేరు దశాబ్దాలపాటు వినిపించలేదు. పెద్ద పని చేసి చాలా తక్కువ డబ్బు పుచ్చుకున్నానని ఆమె ఆ ఏడాదే ఒక ఉత్తరంలో రాసుకుంది. రాసేవాళ్లు దండం పెట్టుకోవాలంటే వెయిట్‌కు కాక ఆమెకే పెట్టుకోవాలని నేను అనుకుంటాను.

నా పద్ధతి ఏమిటంటే, అర్థాల పుస్తకాన్ని తెరవను. ఆరు కత్తుల ముక్కలో పడవలో నిలువునా గుచ్చి ఉన్న కత్తుల వెనుక, మనకు వీపు తిప్పి, ముసుగు కప్పుకుని ఒకామె కూర్చుని ఉంటుంది. పక్కన ఒక బిడ్డ, వెనుక గడ వేస్తున్న పడవవాడు. ఇది కష్టాలనుంచి నెమ్మదైన చోటికి ప్రయాణమని పుస్తకాలు చెబుతాయి. అది చదివి ఊరుకుని ఉంటే నాకు కథ వచ్చేది కాదు. ఆమె ఎందుకు వెనక్కి తిరిగి చూడడం లేదని అడుగుతూ పోతే, పోలవరం ముంపు ఊళ్లలో ఒక ఇల్లాలు కోళ్లగంపతో రేవు దాటడం కనిపించింది. కత్తులు పీకేస్తే పడవకు చిల్లులు పడతాయి కదా అన్న ఆలోచన దగ్గర కథ మలుపు తిరిగింది. ఆ కథలో ఎక్కడా కత్తి లేదు.

పాత పలక:
నేను తెలుగు బోధించి పదవీ విరమణ చేసినవాడిని. మీ సంగతి చదవగానే, బస్టాండు దగ్గర పంజరం తలుపు తీస్తే బయటకు వచ్చి ముక్క లాగే చిలక గుర్తుకువచ్చి, ఇక్కడ చిలక పని కూడా రచయితే చేస్తున్నాడు కాబోలని నవ్వుకున్నాను. గోదారి గట్టు గారు రాసినది చదివాక ఆ నవ్వును వెనక్కి తీసుకుంటున్నాను, ఎందుకంటే వారు చెబుతున్నది జోస్యం కాదు, అవధానంలోని దత్తపది. పృచ్ఛకుడు పొంతన లేని నాలుగు పదాలు ఇచ్చి, ఫలానా విషయంమీద ఫలానా ఛందస్సులో వాటిని ఇమడ్చమంటాడు. ఆ పదాలను అవధాని ఎంచుకోడు; తానే ఎంచుకుంటే తనకు అలవాటైన పద్యమే మళ్లీ వస్తుంది. ఎదుటివాడు అడ్డంగా వేసిన పదాన్ని దాటడానికి చేసే ప్రయత్నంలోనే అంతకుముందు లేని ఊహ పుడుతుంది. ముక్క మీకు పృచ్ఛకుడి పని చేస్తోంది, అంతకుమించి దానికి ఏ మహిమా అంటగట్టకండి.

ఇక దీపం సంగతి. మా నాన్నగారు పైన ‘శ్రీరామ’ అని రాయనిదే పచారీ చిట్టా కూడా మొదలుపెట్టేవారు కాదు. ఆ మూడు అక్షరాలు రాసేలోపు కలం పాళీలోకి సిరా దిగేది, ఆయన మనసు కాగితంమీదికి దిగేది. మీ తంతు అంత పొట్టిగా ఉంటే చాలు.

రాత్రిబడి:
పాత పలక గారి చివరి వాక్యాన్ని నాకు రెండేళ్ల క్రితం ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. నేనూ ఒక్క ముక్కతోనే మొదలుపెట్టాను. తరువాత ముక్కలను చుట్టడానికి పట్టుగుడ్డ వచ్చింది, సాంబ్రాణి వచ్చింది, ఏ రోజు ఏ ముక్క వచ్చిందో రాసుకునే పుస్తకం వచ్చింది. ఒక ముక్క మూడయింది, మూడు ముక్కలు కెల్టిక్ క్రాస్ అనే పది ముక్కల పేర్పు అయ్యాయి, పది ముక్కలు పేర్చి చూసుకునేసరికి ఆఫీసు బస్సు వేళ అయ్యేది. నాలుగు నెలల్లో ఆ పుస్తకం నిండింది, కథ ఒక్కటీ రాలేదు. కొండంత రాగం తీసి గోరంత పాటైనా పాడలేదు.

ఇది నాకొక్కడికే పట్టిన జబ్బు కాదని తరువాత తెలిసింది. ఇటలీ రచయిత ఇటాలో కాల్వినో టారో ముక్కలను బల్లమీద వరుసలుగా పేర్చి, ఆ వరుసలనుంచే కథలు అల్లి, 1973లో పుస్తకంగా తెచ్చారు. ముక్కలను మార్చి మార్చి పేరుస్తూ రోజులు గడిపిన ఆయన, ఆ పిచ్చి వదిలించుకోవడానికే పుస్తకాన్ని అచ్చు వేయిస్తున్నానని చివరి మాటలో ఒప్పుకున్నారు. ఆయనకు కనీసం పుస్తకం మిగిలింది. ఇప్పుడు నేను గడియారం ముందు పెట్టుకుంటాను: ముక్క తీయడానికి రెండు నిమిషాలు, అది దాటితే ముక్క లేకుండానే రాయాలి.

మూడో మెట్టు:
మా అత్తగారు పేకముక్కలను ఇంటి గడప తొక్కనివ్వరు. పదిహేనో శతాబ్దపు ఇటలీలో టారో కూడా మొదట పేకాటేనని, జోస్యానికి వాడడం ఎక్కువగా పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రాన్సులో మొదలైందని చదివాక, ఆవిడ అనుమానం పూర్తిగా తప్పని అనలేకపోతున్నాను. అందుకని పెళ్లిపత్రికల వెనుక అట్టలను కత్తిరించి, మా అమ్మమ్మ ఇంట్లో ఉన్న వస్తువుల పేర్లు ఒక్కొక్కటి రాసుకున్నాను: కవ్వం, ఉట్టి, కుంపటి, గాదె, తిరగలి, ఇలా నలభై ఉన్నాయి. పిల్లలు నిద్రపోయాక వంటింటి గట్టు తుడిచి, పోపులపెట్టెలోంచి ఒక చీటీ తీస్తాను. గట్టు తుడవడమే నాకు తంతు. వారం క్రితం ‘ఉట్టి’ వచ్చింది. ఉట్టి అందని చిన్నపిల్ల గురించి మొదలుపెట్టినది, ఉట్టి కట్టినవాడు ఇల్లు విడిచిపోయిన కథగా తేలింది.

సిరాబుడ్డి:
అందరికీ ధన్యవాదాలు. ఒక్క సందేహం: నచ్చని ముక్క వస్తే మీరు మళ్లీ తీస్తారా? నేను తీస్తున్నాను. నిన్న నాలుగు చషకాల ముక్క వచ్చింది. చెట్టు కింద చేతులు కట్టుకుని కూర్చున్న కుర్రవాడు, ముందు మూడు గిన్నెలు, మబ్బులోంచి ఒక చేయి నాలుగోది అందిస్తున్నా అతను తల ఎత్తడు. అది చూసి ఒళ్లు మండి కట్టలో కలిపేశాను.

గోదారి గట్టు:
మళ్లీ తీయకూడదు. మీకు ఒళ్లు మండిన ముక్కనే వారం రోజులు బల్లమీద ఉంచండి.

సిరాబుడ్డి:
ఉంచాను. నా నవలలో అల్లుడు ఏడవ అధ్యాయంలో మామగారి ఇంటికి భోజనానికి వెళ్లాలి, ఎంత రాసినా వెళ్లడం లేదు. నాలుగో రోజున, అతనికి ఆ భోజనం అక్కరలేదేమో అనిపించింది. అతన్ని వీధి అరుగుమీదే కూర్చోబెట్టాను. వడ్డించిన విస్తరి లోపల ఎండిపోతోంది, అత్తగారు మూడుసార్లు పిలిచింది. పదకొండు పేజీలు వచ్చాయి. దీపం మానేశాను, లేవడం మాత్రం ఐదింటికే.

పాత పలక:
సంతోషం. ముక్కలు రెండు రోజులు సొరుగులో పెట్టి, వచ్చే అధ్యాయంలో ఈ నాలుగు మాటలు ఇమడ్చండి: బోరింగు, గొడుగు, రసీదు, నెమలి. ఆదివారందాకా గడువు.

సిరాబుడ్డి:
మాస్టారూ, మూడు కుదిరాయి. మా అల్లుడి వీధిలోకి నెమలిని ఎలా తేవాలో తెలియడం లేదు.