అలంపూర్‌లో వంద మీటర్ల రూలు సడలించాలా, వద్దా?

మిద్దెఇల్లు:
మా అమ్మ ఉండేది అలంపూర్‌లో, నవబ్రహ్మ ఆలయాల ప్రహరీకి డెబ్బై ఎనభై మీటర్ల దూరంలో. మట్టి మిద్దె. వానొస్తే మూడు చోట్ల గిన్నెలు పెట్టాలి. ఒక దూలం చెదలు పట్టి వంగిపోతే కింద బొంగు పోటు పెట్టాం. ఇల్లు కూలగొట్టి రెండు గదుల స్లాబు వేసుకుందామంటే, గుడికి వంద మీటర్ల లోపల కుదరదన్నారు. అవి చాళుక్యుల నాటి గుళ్లు, పదమూడు వందల ఏళ్లవి, కాదనను. కానీ ఊరు కూడా ఎప్పటి నుంచో అక్కడే ఉంది. ఈ రూలు సడలించొద్దా?

రాతిపనోడు:
వద్దు. మీరు రెండు గదులే అంటారు, పక్కాయన లాడ్జి అంటాడు. అది అయిదో శక్తిపీఠం, యాత్రికులు ఆగే ఊరు. ఒక్కరికి సందు ఇస్తే ఏడాదిలో శిఖరాల వెనక నీళ్ల ట్యాంకులే కనిపిస్తాయి.

ఫైలు చూసినోడు:
ముందు రూలేమిటో చెప్తా, తర్వాత కొట్టుకోండి. పురాతన కట్టడాల రక్షణకు 1958లో తెచ్చిన కేంద్ర చట్టాన్ని 2010లో సవరించారు. రక్షిత స్థలం హద్దు నుంచి 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కూలగొట్టి మళ్లీ కట్టడం మరమ్మతు కిందికి రాదు. ఇల్లు 1992 జూన్ 16కు ముందుదైతే మరమ్మతుకు అనుమతి అడగొచ్చు. అడక్కుండా కడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. కాబట్టి దూలం మార్చుకోండి, గోడ జోలికి పోకండి.

మిద్దెఇల్లు:
మేస్త్రీ వచ్చి గోడను వేలితో గీకితే దోసెడు మట్టి రాలింది సార్. ఆ గోడ మీద కొత్త దూలం ఎట్లా నిలుస్తుంది? ఇంట్లో ఒక మరుగుదొడ్డి కట్టుకుందామన్నా అదే జవాబు.

ఫైలు చూసినోడు:
ఆ మాట నిజమే. మురుగు కాలువలు, జనానికి నీటి సరఫరా పనులు, పబ్లిక్ మరుగుదొడ్లను చట్టం ‘కట్టడం’ లెక్కలోంచి తీసేసింది. సొంతింటి మరుగుదొడ్డి మాత్రం అందులో లేదు.

మిద్దెఇల్లు:
అంటే మా అమ్మ మోకాళ్లు పట్టుకుని బజారు దాకా పోవాలన్నమాట.

గద్వాల పోరడు:
అన్నా, శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లొస్తాయని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఇదే అలంపూర్‌కు తెచ్చి నిలబెట్టారు కదా. పాత గుళ్లున్న యేలేశ్వరం నాగార్జునసాగర్ నీళ్ల కింద పోయింది. సర్కారుకు పని పడితే గుడే లేచి నడుస్తది, ముసలవ్వ గోడ మాత్రం అంగుళం కదలొద్దా?

రాతిపనోడు:
యేలేశ్వరం మునిగిందని అలంపూర్‌నూ వదిలేద్దామా తమ్మీ? ఉన్న ఒక్క కంచె తీసేస్తే మళ్లీ వేసేవాడుండడు. మరుగుదొడ్డి సంగతి మాత్రం ఒప్పుకుంటున్నా, అది అన్యాయమే.

పానగల్లు గట్టు:
మాది నల్లగొండ. మా ఛాయా సోమేశ్వరాలయం చుట్టూ ఇప్పటికైతే వరి పొలాలే. గర్భగుడి గోడ మీద పొద్దంతా ఒక స్తంభం నీడ కదలకుండా ఉంటుంది. బయటి వెలుతురు స్తంభాల మధ్య నుంచి లోపలికి రావడంతో పడే నీడ అది. చిన్నప్పుడు అది ఏ స్తంభానిదో చూద్దామని ఒక్కో స్తంభం ముందు నిలబడేవాళ్లం, తేలేది కాదు. రేపు వాకిలికి ఎదురుగా మూడంతస్తులు లేస్తే ఆ వెలుతురు ఉంటుందా? అందుకే నేను రూలు వైపే. అయితే దూరంతో పాటు ఎత్తూ చూడాలి. ప్రహరీ కంటే తక్కువ ఎత్తున్న పాత ఇంటినీ లాడ్జినీ ఒకే టేపుతో కొలవడమే తప్పు. 2010 సవరణలోనే ఒక్కో రక్షిత కట్టడానికి వేరువేరుగా ఉపనియమాలు రాయాలని ఉంది. అలంపూర్ జనం అడగాల్సింది అదే, మొత్తం సడలింపు కాదు.

గద్వాల పోరడు:
ఉపనియమాలు రాసేలోపు వానాకాలం ఆగుతుందా?

మిద్దెఇల్లు:
ఆగదు. అందుకే ఇప్పటికి మరమ్మతుకే దరఖాస్తు పెడుతున్నా. ఆదివారం టేపు పట్టి కొలిస్తే ప్రహరీ నుంచి డెబ్బై ఆరు మీటర్లు వచ్చింది. అసలు రక్షిత హద్దు ఎక్కడ మొదలవుతుందో పక్కన ఎవరూ చెప్పలేకపోయారు. ఇల్లు 1992కు ముందుదని చూపించాలి కదా, ట్రంకుపెట్టె అంతా వెతికితే నాన్న పేరున 1988 నాటి ఇంటి పన్ను రసీదు దొరికింది. చెదలు ఒక మూల తినేశాయి. తారీఖు ఉన్న మూల మిగిలింది.