స్పాట్ టెస్టులో మచ్చ పడుతోంది, ప్లాక్‌లు (ఒక్కో వైరస్ బ్యాక్టీరియాను చంపిన చోట పడే విడి ఖాళీ చుక్కలు) మాత్రం రావట్లేదు. ఎందుకు?

రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లా ఫ్లెక్స్‌నెరిని చంపే ఫేజ్‌ల (బ్యాక్టీరియా మీద దాడి చేసే వైరస్‌ల) కోసం హైదరాబాద్‌లో, అంబర్‌పేట దగ్గర మూసీలో కలిసే మురుగునీళ్లలో వెతుకుతున్నాం. మందులకు లొంగని షిగెల్లా పెరుగుతోంది కాబట్టి, ఇది తేలడం మాకు చాలా ముఖ్యం.

నీళ్లను సెంట్రిఫ్యూజ్ చేసి, 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తో వడగట్టి, బ్రాత్‌లో షిగెల్లాతో కలిపి 37 డిగ్రీల దగ్గర రాత్రంతా షేకర్‌లో ఉంచుతున్నాం. మర్నాడు మళ్లీ వడగట్టి, 10 మైక్రోలీటర్ల చుక్క లాన్ (ప్లేటంతా పరుచుకున్న షిగెల్లా పొర) మీద పెడితే తెల్లారేసరికి మచ్చ పడుతోంది. అంచు కత్తిరించినట్టు స్పష్టంగా ఉంటుంది, మధ్యలో సన్నటి పొర మిగులుతుంది. చూడగానే ఆశ పుడుతుంది. కానీ పదింతలు పలచన చేస్తే మచ్చ మసకబారుతోంది, వందింతలకు ఏమీ లేదు. విడి ప్లాక్ ఒక్కటీ రాలేదు.

టాప్ అగర్‌ను (బ్యాక్టీరియాను కలిపి ప్లేట్ మీద పోసే మెత్తటి పై పొరను) 0.7 నుంచి 0.4 శాతానికి తగ్గించాం, కాల్షియం క్లోరైడ్ కలిపాం, లాగ్ దశలో (చురుగ్గా పెరుగుతూ) ఉన్న కల్చరే వాడాం. ఇవే ప్లేట్ల మీద ఈ.కోలైతో టీ4 అనే ఫేజ్ ప్లాక్‌లు చక్కగా వస్తున్నాయి. అంటే మీడియాలో లోపం లేనట్టే.

మురుగునీళ్లలోని కోలిసిన్ (కొన్ని బ్యాక్టీరియా వదిలే, తోటి బ్యాక్టీరియాను చంపే ప్రొటీన్) లాంటి దాని వల్ల ఇలా అవుతోందేమోనని టెన్షన్‌గా ఉంది. మాకు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ అందుబాటులో లేదు. ఇది ఫేజా, కోలిసినా అని మామూలు ల్యాబ్‌లోనే తేల్చే నమ్మకమైన పరీక్ష ఏది?