అప్‌డేట్: రెండు కెపాసిటర్లు కలిపితే మాయమైన సగం శక్తి దొరికింది

10 వోల్టులున్న 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ని (ఛార్జ్ నిల్వచేసే భాగం) అలాంటిదే ఖాళీదానికి కలిపితే రెండూ 5 వోల్టుల దగ్గర ఆగుతున్నాయని, 50 మిల్లీజౌళ్ల శక్తి 25 ఎలా అయ్యిందని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పోయిన సగం వైర్ల రెసిస్టెన్స్‌లో వేడిగా మారుతోంది. లావు వైర్లు వేసినా తేడా లేదు. రెసిస్టెన్స్ తగ్గితే కరెంటు పెరిగి అదే సగం ఇంకా త్వరగా వేడైపోతుందంతే. లీకేజీకీ (కెపాసిటర్ లోపలే ఛార్జ్ మెల్లగా కారిపోవడం) దీనికీ సంబంధం లేదు.

పనిచేసింది మధ్యలో కాయిల్, డయోడ్ పెట్టమన్న సలహా. వోల్టేజీలు సమానమయ్యాక కూడా కాయిల్ తన అయస్కాంత క్షేత్రంలో దాచిన శక్తితో కరెంటుని ముందుకే తోస్తుంది. డయోడ్ వెనక్కి రానివ్వదు. రెండోది 8.6 వోల్టులకు చేరింది, మొదటిదాంట్లో 1.4 మిగిలింది. చూడటానికి భలే ఉంది! మొత్తం 38 మిల్లీజౌళ్లు. పోయిన 12లో దాదాపు సగం డయోడ్ మీద పడే 0.7 వోల్టులే తినేశాయి, మిగతాది ఎక్కువగా కాయిల్ తీగలో వేడి.