చలికి బయటికి తీసుకెళ్లలేక, ఇంట్లో ఆపలేక... రెండేళ్ల పిలగాడితో మీరేం చేస్తున్నారు?

హన్మకొండ అమ్మ

అందరికీ నమస్తే. మా బాబుకి సంక్రాంతికి రెండేళ్లు నిండుతాయి. వడ్డేపల్లి చెరువు దగ్గర అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉంటాం. వారం నుంచి ఇక్కడ ఇగం ఎట్లా పెడుతోందో వరంగల్ వాళ్లకి చెప్పక్కర్లేదు. పొద్దున తొమ్మిదింటి వరకు చెరువు కట్ట కూడా కనపడట్లేదు, సాయంత్రం ఐదున్నర దాటిందంటే మళ్లీ చెవులు జివ్వుమంటున్నాయి. ఇదివరకు రెండు పూటలా వాడిని కట్ట మీదికి తీసుకెళ్లేదాన్ని, కొంగల్ని చూసి కేకలు పెట్టి, కుక్కల వెంట పడి, అలిసిపోయి వచ్చి అన్నం తిని పడుకునేవాడు. పోయిన వారం జలుబు, దగ్గు వచ్చేసరికి డాక్టర్ గారు మంచులో తిప్పొద్దన్నారు. మా అత్తమ్మ ఆ మాటని ఇంకో రెండు మెట్లు ఎక్కించి, పండుగ పోయేదాకా పిలగాడు గడప దాటొద్దని తీర్పు చెప్పేసింది.

నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. పండుగవి, మాఘమాసం పెళ్లిళ్లవి అన్నీ కలిసి ఒక్కసారే మీద పడ్డాయి. నేను మిషన్ మీద కూర్చోగానే వాడొచ్చి చక్రం పట్టుకుంటాడు. కత్తెర, సూదులు, గుండీలు, హుక్కులు అన్నీ పై అలమరాలోకి వెళ్లిపోయాయి, నేను స్టూల్ ఎక్కి దిగి చస్తున్నా. నిన్న వాషింగ్ మెషిన్‌లో మా ఆయన చెప్పు దొరికింది. కుక్కర్ విజిల్ ఎక్కడ పెట్టాడో ఇంకా దొరకలేదు, మూడు రోజులుగా పప్పు గిన్నెలోనే ఉడికిస్తున్నా.

ఫోన్ ఇస్తే మాత్రం గంటన్నర చప్పుడుండదు. ఆ గంటన్నరలో రెండు బ్లౌజులకి హుక్కులు, కాజాలు అయిపోతాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ తిరిగి తీసుకుంటే నేల మీద పడి దొర్లుతున్నాడు, రాత్రి పదకొండయినా కళ్లు మూయట్లేదు. కొన్న బొమ్మలు బుట్టెడున్నాయి, ఒక్కదానితో ఐదు నిమిషాలు ఆడడు. దయచేసి ఇంకేం కొనాలో చెప్పకండి, ఇంట్లో ఉన్నవాటితో ఏం చేయొచ్చో చెప్పండి.


కాజీపేట నాన్న

చెల్లె, మా పాపకి మూడేళ్లు. నాకు ఎక్కువగా రాత్రి డ్యూటీలు, మా ఆవిడ పగలు ఉద్యోగానికి వెళ్తుంది, కాబట్టి పగటి పూట పాపతో పడే తిప్పలన్నీ నావే. మీరే రాశారు కదా, కట్ట మీద తిరిగి అలిసిపోయి పడుకునేవాడని. అసలు సంగతి అక్కడే ఉంది. ఈ వయసు పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 3 గంటలు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మీవాడికి ఇప్పుడు అది దొరకట్లేదు, అందుకే మిషన్ చక్రం మీద పడుతున్నాడు. ముందు ఒంటికి పని చెప్పండి, కూర్చుని ఆడే ఆటలు ఆ తర్వాత.

మా ఇంట్లో పొద్దున లేవగానే మంచం మీది పరుపు కిందికి దిగుతుంది. దాని మీద దూకడం, దిండ్లు వరుసగా పెడితే వాటి మీద నడవడం, ఇద్దరం ఉప్పు మూట ఆడటం. తర్వాత పెద్ద అట్టపెట్టెలో పాత చీరలు, చద్దర్లు కుక్కి హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తోయమంటాను. బరువు తోయడం వీళ్లకి ఎంత ఇష్టమో చూస్తే గానీ నమ్మరు, ముఖం ఎర్రగా చేసుకుని మరీ తోస్తుంది.

ఇంకోటి, హార్డ్‌వేర్ షాపులో పెయింటర్లు వాడే కాగితం టేపు దొరుకుతుంది. కొనమని చెప్పొద్దన్నారు, ఈ ఒక్కటీ క్షమించండి. దాంతో బండల మీద రెండు పట్టాలు అతికించాను. మంచం దగ్గర కాజీపేట, సోఫా దగ్గర పెద్దపల్లి, ఫ్రిజ్ దగ్గర మంచిర్యాల, వంటింటి గడప కాగజ్‌నగర్. అక్కడిదాకా పట్టాలు తప్పకుండా నడుచుకుంటూ వస్తే ఖర్జూరం ముక్క ఇస్తాను, గింజ తీసి. రోజుకి ఎన్నిసార్లు కాగజ్‌నగర్ వచ్చి పోతుందో లెక్కే లేదు, ఖర్జూరాలు మాత్రం అయిపోతున్నాయి. టేపు నాలుగు రోజులకి మించి ఉంచొద్దు, జిగురు బండకి పట్టేస్తుంది. నేను కొబ్బరినూనె రాసి గీకుతూ కూర్చుంటే పక్కన నిలబడి మా ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయలేను.

కింద బండలు చల్లగా ఉంటాయి కదా, జంపఖానా పరవండి. మా ఇంట్లో వరంగల్ కొత్తవాడలో నేసింది ఉంది. 2018లో వరంగల్ జంపఖానాలకి జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిందని మా నాన్న వచ్చినవాళ్లందరికీ చెబుతుంటాడు, మా పాప మాత్రం పాలు ఒలకబోయడానికే వాడుతుంది.


జగిత్యాల నానమ్మ

బిడ్డా, మీ అత్తమ్మ మీద కోపం పెట్టుకోకు, ఆమె భయం ఆమెది. ముగ్గురు పిల్లల్ని, ఐదుగురు మనవల్ని పెంచిన. నాకు తెలిసింది ఒకటే, పిల్లలకి బొమ్మలక్కర్లేదు, మనం చేసే పని కావాలి. నువ్వు మిషన్ కుడుతుంటే వాడికీ మిషనే కావాలి మరి.

మార్కెట్ నుంచి ఆలుగడ్డలు, ఉల్లిగడ్డలు వచ్చినయనుకో, ఒక గంపలో కలిపి పోసి ఇంకో గంప పక్కన పెట్టు. ఆలుగడ్డలన్నీ ఇందులో వేయి నాయనా అను. మా చిన్న మనవడు ఒక్కొక్కటి రెండు చేతులతో పట్టుకుని, గంప దాకా నడిచి, లోపలికి తొంగిచూసి వేసేవాడు. వేసినాక ప్రతిసారీ నా ముఖం చూసేవాడు. అరగంట గడిచేది. అయిపోయినాక నేను మళ్లీ మొదటి గంపలో పోస్తే వాడికి కోపం రాలేదు, ఇంకా సంతోషం. చిన్న సర్వలు, మూతలు, చెక్క గరిటె ముందర పెట్టి ఏ మూత దేనికి సరిపోతుందో చూడమను. ఆరిన బట్టలు తెచ్చినప్పుడు సాక్సులు జత కలపమను, నాన్న బట్టలు ఇటు, అమ్మ బట్టలు అటు వేయమను. తప్పే వేస్తాడు, వేయనీ.

ఇప్పుడు సకినాలు చేసుకునే రోజులే కదా. తడిబియ్యం పిండిలో నువ్వులు, వాము వేసి కలిపినాక నిమ్మకాయంత ముద్ద వాడి చేతిల పెట్టు. బట్ట మీద నువ్వు చుట్టు, వాడు పామును చేస్తాడో, పురుగును చేస్తాడో వాడిష్టం. నూనె కాగే పొయ్యి దగ్గరికి మాత్రం రానీయకు, చుట్టుడు ఒక గదిలో, కాల్చుడు ఇంకో గదిలో. మిగతా రోజులు చపాతి పిండి ఇస్తే సరి, ఇంత పసుపు కలిపితే వాడికి అదే బంగారం. ఇంకా మక్కలు, పల్లీలు, శనగలు కలిపి పళ్లెంలో పోసి వేరు చేయమంటే కూడా మంచిగ కూర్చుంటరు.


ఖని కోడలు

నానమ్మ గారూ, మీరు చెప్పినవన్నీ బంగారంలాంటివి, ఆ చివరిదొక్కటే వద్దండీ. పెద్దవారు, తప్పుగా అనుకోకండి. పోయినేడు ఇట్లాగే చలికి ఇంట్లో కూర్చోబెట్టి మా ఆడపడుచు వాళ్ల బాబుకి పళ్లెంలో శనగలు పోసి ఇచ్చాం. వాడు ఒకటి ముక్కులో పెట్టుకున్నాడు. చెప్పలేదు కూడా, చెప్పే వయసా అది. రెండో రోజు ఒక్క ముక్కులోంచే చీమిడి కారుతోంది, దగ్గరికి తీసుకుంటే వాసన. జలుబనుకుని ఆవిరి పట్టిద్దామనుకున్నాం. ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే లైటు వేసి చూసి, శనగగింజ లోపల నాని ఉబ్బిందని చెప్పి తీశారు. ముక్కులోకి కాబట్టి సరిపోయింది, అదే ఊపిరి గొట్టంలోకి పోతే? పల్లీలతో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువట, నాలుగైదేళ్లు వచ్చేదాకా గింజ గింజగా పల్లీలు తినడానికి కూడా ఇవ్వొద్దన్నారు. చింతగింజలు, గుండీలు కూడా అంతే. రిమోట్‌లో, బొమ్మల్లో ఉండే గుండ్రటి చిన్న బ్యాటరీలు అన్నిటికంటే ఘోరం, మింగితే రెండు గంటల్లోనే లోపల కాలిపోవడం మొదలవుతుందట, క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే.

ఇంకో మాట. చలికి తలుపులు, కిటికీలు అన్నీ బిగించి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకునేవాళ్లు మా వైపు ఇంకా ఉన్నారు. ఆ గాలిలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు, పడుకున్నవాళ్లు పడుకున్నట్టే పోతారు. అత్తమ్మలకి ఈ ఒక్క విషయంలో ఎదురు చెప్పినా తప్పులేదు.

మా ఆయనకి గనిలో నైట్ షిఫ్ట్ ఉన్న వారం పగలంతా ఇంట్లో నిద్ర, కాబట్టి మాకు దూకుడు ఆటలు కుదరవు. చప్పుడు లేని ఆటలు రెండు చెప్తాను. మీరు టైలర్ కదా, మీ దగ్గర ముక్కలకేం తక్కువ. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాకి మూత మీద పొడుగ్గా కోసి, ఆ సందులోంచి రంగురంగుల ముక్కలు కొసలు బయటికి వచ్చేట్టు కుక్కండి. వాడు ఒక్కోటి పీకుతాడు, పట్టుది వేరే, జరీది వేరే, వెల్వెట్ వేరే అని చేతికి తెలుస్తుంది. అన్నీ పీకాక మళ్లీ కుక్కడం కూడా వాడి పనే. ముక్కలు అరచేయి కంటే పెద్దవి పెట్టండి, దారాలు వేలాడకుండా చూసుకోండి. రెండోది నీళ్లు, కానీ చలికాలం కాబట్టి గోరువెచ్చగా, పళ్లెంలో అర అంగుళమే. ఒక స్పాంజి, రెండు గిన్నెలు. మీరు పక్కనే కూర్చోవాలి, ఫోన్ మోగినా లేవొద్దు. బాత్‌రూమ్‌లో బకెట్ నిండా నీళ్లు ఎప్పుడూ వదలకండి.


ఆసిఫాబాద్ మాస్టారు

మీ హన్మకొండ చలికే ఇట్లా అంటే ఎట్లా, సిర్పూర్ వైపు వచ్చి చూడండి, డిసెంబర్‌లో ఒక అంకె డిగ్రీలు మాకు కొత్త కాదు. ఇక్కడ పిల్లలు పెరగట్లేదా?

తెలంగాణ చలి రోజంతా ఉండదమ్మా. పొద్దున, రాత్రి కొరుకుతుంది, పదకొండు నుంచి మూడు దాకా మంచి ఎండ. అప్పుడు స్వెటర్ వేసి, చెవులకి టోపీ పెట్టి మేడ మీదికి తీసుకెళ్లండి. మీ అత్తమ్మని కూడా రమ్మనండి, ఆమెకీ ఎండ కావాలి. డాక్టర్ గారు వద్దన్నది మంచులో తిప్పడం, ఎండలో కాదు కదా. జలుబు వైరస్‌తో వస్తుంది, కిటికీలన్నీ మూసి పదిమందిని ఒకే గదిలో కూర్చోబెడితే ఇంకా తొందరగా అంటుకుంటుంది. మధ్యాహ్నం ఓ గంట కిటికీలు తెరిచిపెట్టండి.

ఫోన్ గురించి అడగకపోయినా చెప్తున్నా. రెండేళ్లలోపు అసలు వద్దు, ఆ తర్వాత ఐదేళ్ల వరకు రోజుకి గంట దాటొద్దని మన పిల్లల డాక్టర్ల సంఘం మాట. అమ్మమ్మతో వీడియో కాల్ ఆ లెక్కలోకి రాదు. ఒకేసారి మానిపిస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు, ముందు పడుకునే ముందు ఇచ్చేది ఆపండి.

చివరగా, ఎప్పుడూ ఏదో ఒకటి చేతికి ఇస్తూ ఉండాలని లేదు. కాసేపు విసుగ్గా ఉండనివ్వండి, వాడే ఏదో కనిపెట్టుకుంటాడు. కుక్కర్ విజిల్ అట్లా పోయిందే కదా.


హన్మకొండ అమ్మ

ఐదు రోజులైంది, వచ్చి చెప్పకపోతే బాగుండదు. అందరికీ దండాలు.

ఎక్కువ పని చేసింది ఆలుగడ్డలు. మొదటి రోజు ఇరవై నిమిషాలు లెక్కపెట్టి చూశాను, ఒక జాకెట్ చేతులు కుట్టేశా. రెండో రోజు ఒక ఆలుగడ్డ కొరికాడు, మూడో రోజు ఉల్లిగడ్డ కొరికి ఏడ్చాడు, ఇప్పుడు వాటి జోలికి పోకుండా ఆలుగడ్డలే ఏరుతున్నాడు, అంటే వేరు చేయడం వచ్చినట్టే. ముక్కల డబ్బా కూడా బ్రహ్మాండం, కాకపోతే ఒక కస్టమర్ బ్లౌజ్ పీస్ కూడా అందులోకి వెళ్లిపోయింది, చూసుకోకపోతే కొంప మునిగేది. పళ్లెంలో నీళ్ల ఆట మా ఇంట్లో కుదర్లేదు, రెండు నిమిషాల్లో బట్టలన్నీ తడిపేసుకున్నాడు, అత్తమ్మ చూసింది, ఇంక చెప్పేదేముంది.

మాస్టారూ, మధ్యాహ్నం మేడ మీదికి వెళ్తున్నాం. మొదట అత్తమ్మ ఒప్పుకోలేదు. అప్పడాలు ఎండబెట్టాలి, కాపలా కావాలి అని చెప్పి ఆమెనే ముందు పంపించా. ఇప్పుడు పన్నెండు కాగానే ఆమే వాడికి టోపీ పెడుతోంది. ఫోన్ రాత్రి పూట మానిపించాం, రెండు రాత్రులు యుద్ధం, మూడో రోజు తొమ్మిదిన్నరకే పడుకున్నాడు. పగలు మాత్రం ఇంకా అరగంట ఇస్తున్నా, తిట్టకండి, ఆర్డర్లు అయ్యేదాకా.

అట్టపెట్టె రోజూ తోస్తున్నాడు. నిన్న అందులోంచి చద్దర్లు తీసి దులిపితే విజిల్ కింద పడింది. ఎప్పుడు వేశాడో ఏమో.


కాజీపేట నాన్న

సంతోషం చెల్లె. టేపు వేశారా? వేసి ఎన్ని రోజులైంది? నాలుగు దాటితే ఈ మెసేజ్ చూసిన వెంటనే పీకేయండి.